కుట్టుపడవ

డిసెంబరు ఆఖరి ఆదివారం
బరంపురం నించి నిలబడే వచ్చాను బస్సులో.
గోపాల్‌పూర్ ఒడ్డున ఇసక బొమ్మలు,
పది రోజులే, టికెట్టు ఇరవై.
బొమ్మల ముందు పాతిన పేర్ల బోర్డులు
మా ఫ్లెక్సు షాపులో నేను కొట్టినవే,
పైన ఒడియా, కింద ఇంగ్లీషు.
అక్షరాలు తిన్నగా పడ్డాయో లేదో చూసుకోడానికని
అమ్మతో చెప్పి వచ్చాను గానీ
పేర్లు ముందే తెలిసి
బొమ్మలు తెలియకపోవడం ఒక రకం ఆకలి.

సరుగుడు కర్రలకి కట్టిన నైలాన్ తాడు.
తాడుకి ఇవతల మనం.
అవతల గుడ్లు పెడుతున్న తాబేలు,
కోటు తొడుక్కున్న ఏనుగు, ఎందుకో,
చెయ్యి చాచిన ఎవరో దేవత,
ఎండకి ఆరి చిటికెన వేలు అప్పటికే రాలింది.
వీపున మందుకొట్టే డబ్బా తగిలించుకుని
ఒక కుర్రాడు వరసగా నీళ్ళు చల్లుతున్నాడు,
వంగతోటలో పురుగుమందు కొట్టినట్టే,
దేవతకీ ఏనుగుకీ ఒకటే ధార.

పదకొండో నంబరు దగ్గర జనం లేరు.
పడవ. "మత్స్యజీవుల నౌక" అని కొట్టింది నేనే.
మూడు బారల పొడుగు, మొన లేచి,
పలకల వెంట గవ్వలు గుచ్చి
మేకుల తలల్లా మెరిపించింది
కేంద్రపడా నించి వచ్చిన పిల్ల, సస్మితట,
మోకాళ్ళ దాకా తడి, చేతిలో తాపీ.

అప్పుడొచ్చాడు దండాసి తాత
లుంగీ ఎగ్గట్టి,
పక్కన పీచుమిఠాయి తింటూ మనవరాలు.
తల ఇటు వంచి, అటు వంచి చూశాడు
పెళ్ళిచూపులకొచ్చిన మేనమామలాగ.
"ఓలమ్మ, మేకులేటి?
మా పడవకి మేకెక్కడిది?
కెరటం గుద్దితే మేకు పలకని సీల్చీదు?
కొబ్బరి తాడుతో కుట్టీవోలం, బట్ట కుట్టినట్టు.
ఒంగీది గానీ ఇరిగీది కాదు."

ఆ పిల్లకి తెలుగు రాదు.
చెబుదామని నేను నోరు తెరిచేలోగా
తాత తాడు కింద నించి దూరేశాడు.
విజిలు. వాలంటీరు పరుగు.
ఇసకలో వేలు గుచ్చి తీశాడు, చిన్న కన్నం.
పక్కన ఇంకోటి.
నడుమ గోటితో ఏటవాలు గీత.

కుట్టు.

సస్మిత వాలంటీరుకి చెయ్యి అడ్డం పెట్టింది.
ఒక్కో గవ్వా పీకి జేబులో వేసుకుంది.
"ఆపణ కొరొంతు, అజా."
ఆ మాటకి నా సాయం అక్కర్లేకపోయింది.

గంట పైనే పట్టింది.
డబ్బా కుర్రాడొచ్చి కన్నాలు కూలకుండా
సన్నగా, ఊపిరంత సన్నగా చల్లాడు.
తాత వేళ్ళకి లెక్క తెలుసు,
నోరు మాత్రం తిడుతూనే ఉంది:
తాడు పేనినవాణ్ణి, చెక్క అమ్మినవాణ్ణి,
ఫైబరు బోట్లు వచ్చిన ఏడు
పలకలు పొయ్యిలోకి ఇచ్చేసిన తనని.

ఐదో తారీకున తీసేస్తారు తాతా, అన్నాను,
యంత్రం వచ్చి చదును చేసేస్తుంది.
నవ్వాడు, ఉన్న నాలుగు పళ్ళూ కనబడ్డాయి.
"అసలుదే యేడాదికోపాలి కుట్లిప్పీసి
పలకలారబెట్టి మళ్ళీ కుట్టీవోలం.
ఇప్పకపోతే కుళ్ళిపోద్ది గుంటా."

దానికేమనాలో తెలీక
పోయి బరా, ఘుగుని కొనుక్కు తిన్నాను.
కారం ఎక్కువేశాడు.

తిరిగొచ్చి చూస్తే నా బోర్డు తప్పు.
మళ్ళీ కొడతానంటే యజమాని ఊరుకోడు,
ఫ్లెక్సు అడుగుకింత.
బస్సు టికెట్టు వెనకాల బాల్‌పెన్నుతో
తెలుగులో రాశాను: కుట్టుపడవ.
కొబ్బరి ఈనెకి గుచ్చి మొన దగ్గర నాటాను.

తాత చదువుకోలేదు.
మనవరాలిది ఒడియా బడి.
"ఏటి రాసినావు?" అంది
గులాబీ రంగు మూతితో.
చదివాను.
"ఇంకోపాలి," అంది.